నెత్తుట్లో ఆకు ముక్క

అన్నవరం స్టేషన్లో బండి ఎక్కితే ఏదో ఒక సీటు కింద కనపడుతుంది, నెయ్యి మరక పట్టిన విస్తరాకు ముక్క. ప్రసాదం తిన్న మనిషి ఎప్పుడో దిగిపోయి ఉంటాడు. అయినా ఆ ముక్క చూసి, ఎవరో రత్నగిరి కొండ ఎక్కి వచ్చారని మా ఊరి పిల్లలు చెప్పేస్తారు. పేగు క్యాన్సర్‌ని రక్తంలో పట్టుకునే పరీక్షల గురించి చదివినప్పుడల్లా నాకు ఆ ఆకే గుర్తొస్తుంది.

చచ్చిన కణాల డీఎన్ఏ తునకలై నెత్తుట్లో తిరుగుతుంది. 1948లో ఫ్రాన్స్‌లో మాండెల్, మెటె అనే ఇద్దరు ఆ సంగతి కనిపెడితే పట్టించుకున్నవాళ్లు లేరు. డీఎన్ఏ రూపమే అప్పటికి ఎవరికీ తెలియదు. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు కన్నుమూసిందీ ఆ ఏడాదే. ఆయన బృందం తయారుచేసిన ఫోలిక్ యాసిడ్‌కి దగ్గరి చుట్టమైన ల్యూకోవోరిన్‌ని ఇవాళ్టికీ పేగు క్యాన్సర్ రోగులకి ఫ్లోరోయురాసిల్‌తో కలిపి ఎక్కిస్తున్నారు.

మా పెదనాన్నకి దొడ్డికి వెళ్లినప్పుడు నెత్తురు పడితే, ఏడాది పాటు మొలలనే అనుకుని పసరుమందు తాగించాం. తప్పు మాదే. చివరికి కొలనోస్కోపీలో గడ్డ బయటపడింది. ఆపరేషన్ అయ్యాక మూడు నెలలకోసారి సీఈఏ పరీక్ష. 1965లో మాంట్రియల్‌లో గోల్డ్, ఫ్రీడ్‌మన్ కనిపెట్టిన ప్రొటీన్ అది. పొగతాగేవాళ్లలో, కాలేయం చెడినవాళ్లలో కూడా పెరుగుతుంది కాబట్టి ఆ ఒక్క అంకెనే నమ్ముకోలేం.

క్యాన్సర్ రోగుల సీరంలో డీఎన్ఏ ఎక్కువగా ఉంటుందని 1977లో తేలింది. ఆ తునకల్లో క్యాన్సర్‌దే అయిన జన్యుమార్పు దొరికింది 1994లో. తర్వాత చూపు డీఎన్ఏ అక్షరాల మీంచి వాటికంటిన మరకల మీదికి మళ్లింది. సెప్ట్9 అనే జన్యువు మీద మిథైల్ గుర్తు ఉందేమో చూసే పరీక్షకి 2016లో అమెరికా అనుమతి వచ్చింది. ఆకు ఏ ఆకైనా, నెయ్యి మరకే కదా గుర్తు! 2024లో అక్కడే అనుమతి పొందిన షీల్డ్ అనే పరీక్ష నూటికి 83 పేగు క్యాన్సర్లని పట్టింది. క్యాన్సర్‌గా మారబోయే ముదిరిన పాలిప్‌లనైతే 13 శాతమే. పాలిప్‌ని చూసి, అక్కడికక్కడే కోసి తీసేది కొలనోస్కోపీయే.

నన్ను ఎక్కువగా కదిలించింది 2022లో వెలువడిన ఆస్ట్రేలియా పరిశోధన. రెండో దశ రోగులు 455 మంది. ఆపరేషన్ తర్వాత రక్తంలో గడ్డ తాలూకు తునకలు మిగిలాయా లేదా చూసి కీమో ఇస్తే, మామూలు పద్ధతిలోని 28 శాతానికి బదులు 15 శాతం మందికే అది అవసరమైంది. జబ్బు తిరగబెట్టడం మాత్రం పెరగలేదు.

కీమో తర్వాత పెదనాన్న వేళ్లు తిమ్మిరెక్కిపోయాయి. కొండ దిగొచ్చాక ప్రసాదం పొట్లం విప్పలేక, మాట్లాడకుండా నా చేతిలో పెట్టేవాడు.