గెలిచిన నేల ఎవరి చేతికి?

తొమ్మిదో తరగతి పరీక్షలో గణపతిదేవుడి దండయాత్రల మీద రెండు పేజీలు నింపాను. ఆ సాయంత్రం బడి నుంచి ఆర్ట్స్ కాలేజీ ముందుగా తార్నాక వైపు నడుస్తుంటే, సోషల్ మాస్టారు అడిగారు: "అంత నేల గెలిచాడు సరే, రాజు ఓరుగల్లులో ఉంటే దాన్ని చూసుకున్నది ఎవర్రా?" నేను నీళ్లు నమిలాను. ఆ జవాబు ఇన్నాళ్లకు రాస్తున్నాను.

కాకతీయులూ ఒకప్పుడు కల్యాణి చాళుక్యుల సామంతులే. వారి స్వతంత్రం 1163 నాటి హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనంలో కనిపిస్తుంది. 1199లో రాజ్యానికి వచ్చిన గణపతిదేవుడు కొద్ది ఏళ్లకే బెజవాడ దాటి దివిసీమ గెలిచాడు. ఓడిన అయ్య వంశాన్ని తుడిచిపెట్టలేదు. ఆ ఇంటి ఆడపడుచులు నారాంబ, పేరాంబలను పెళ్లాడి, వారి సోదరుడు జాయపకు ఏనుగుల దళం అప్పగించాడు. 'నృత్తరత్నావళి' రాసిన జాయప ఈయనే.

దక్షిణాన మరో దారి తొక్కాడు. కాయస్థ వంశీకుడు గంగయ సాహిణికి (సాహిణి అంటే గుర్రపు దళపతి) పానగల్లు నుంచి కడప వైపు మార్జవాడ దాకా పాలన ఇచ్చాడు. గంగయది పాత రాజవంశం కాదు, రాజు ఇచ్చిన అధికారమే అతని బలం. అలాంటివాడు తిరగబడడని రాజు లెక్క వేసి ఉంటాడు. నేనున్నా అదే వేసేవాణ్ణి. గంగయ తిరగబడలేదు కూడా. కానీ పదవి అతని మేనల్లుళ్లకు దిగింది: జన్నిగదేవుడు, త్రిపురారి, ఆ తర్వాత అంబదేవుడు. అంబదేవుడి నాటికి అది రాజు ఇచ్చినదన్న మాటే మరుగున పడింది. అతడు రుద్రమదేవిని ధిక్కరించాడు.

నకిరేకల్ దగ్గరి చందుపట్లలో 1289 నాటి శాసనం రుద్రమకూ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కోరుతూ వేయించినది. వారెలా పోయారో అది చెప్పదు. అంబదేవుడు తన త్రిపురాంతక శాసనంలో మల్లికార్జునుణ్ణి గెలిచానని చెప్పుకున్నాడు కాబట్టి, ఆ యుద్ధంలోనే ఇద్దరూ పోయారని చరిత్రకారులు ఊహిస్తారు. తాత నిలబెట్టిన ఇంటివాడే మనవరాలి కాలంలో కాదు, కూతురి కాలంలోనే కత్తి దూశాడన్నమాట.

ప్రతాపరుద్రుడు అంబదేవుణ్ణి అణచి, నాయంకరాన్ని విస్తరించాడు: భూమి మీద రాబడి నాయకుడిది, బదులుగా సైన్యం రాజుది. ఓరుగల్లు కోటలో బురుజుకొక నాయకుడని చెప్పుకుంటారు. 1323లో కోట ఢిల్లీ సేనలకు చిక్కింది, రాజు బందీ అయ్యాడు. పదిహేనేళ్లు తిరగకముందే ఆ ఓరుగల్లును తిరిగి పట్టినవాడు ముసునూరి కాపయ. అతడు నాయకుడే, కాకతీయుడు కాదు.