సరిహద్దుసీమ న్యాయవాది హెన్రీ క్లే

కెంటకీ సీమకు వలసపోయినవారు, ప్రభుత్వము క్రమముగా కొలతలు వేయింపకమునుపే, వాగు మలుపును, గంటు పెట్టిన చెట్టును ఎల్లలుగా నిలుపుకొని భూములను ఆక్రమించిరి గనుక, ఒకే క్షేత్రమునకు ఇద్దరు ముగ్గురు హక్కుదారులు న్యాయస్థానమున వాదులాడుచుండిరి. ఇట్టి వ్యాజ్యములకు నెలవైన లెక్సింగ్టన్ పట్టణమునకు 1797లో ఇరువదియేండ్ల హెన్రీ క్లే న్యాయవాదిగా వచ్చెను.

వర్జీనియాలో జన్మించి, నాలుగవయేటనే తండ్రిని గోల్పోయిన యీతడు, రిచ్మండ్ నగరమున జార్జి విత్ అను న్యాయకోవిదునికి, ఆయన చేయి సరిగా సాగకుండుటచే, తీర్పులు వ్రాసిపెట్టు లేఖకుడై, ఆ వ్రాతలోనే ధర్మశాస్త్రమును నేర్చెను. బడిచదువు స్వల్పము; జ్యూరీ మనస్సును కరగించు వాక్పటిమయే ఆతని మూలధనము.

1803లో కెంటకీ శాసనసభకును, 1806లో, రాజ్యాంగము విధించిన ముప్పదియేండ్లు నిండకయే, అమెరికా సెనేటుకును ఎన్నికై, 1811లో ప్రతినిధుల సభలో అడుగిడిననాడే స్పీకరయ్యెను. 1820లో బానిసత్వ వ్యాప్తిని గూర్చిన మిస్సోరి రాజీని కుదుర్చుటలో ఆతని పాత్ర మిక్కిలి గొప్పది.

అయినను ఆ కీర్తిని తలచునపుడు నా మనస్సు ఒకచోట నిలిచిపోవును. బానిసలను క్రమముగా విముక్తులను జేయవలెనని 1798లోనే పత్రికకు వ్రాసిన యీతడు, తానే పెక్కుమంది బానిసలకు యజమాని. షార్లట్ డుపీ అను దాసి, తన తల్లి స్వతంత్రురాలని వాదించుచు, 1829లో వాషింగ్టన్ న్యాయస్థానమున ఆతనిపైననే వ్యాజ్యము వేసి ఓడిపోయెను. ఆ ధీరవనితకు, ఆమె కుమార్తెకు క్లే 1840లో విముక్తి నొసగెను.