మ్యాన్ పేజీలో లేని ముక్క

2006లో అనుకుంటా, ఒక క్లయింటు సర్వర్ మీద రాత్రి రెండింటికి టార్ బ్యాకప్ రిస్టోర్ చేస్తున్నా. ఇంటర్నెట్ లేని సర్వరు. మ్యాన్ టార్ అని కొట్టి చూస్తే, నాక్కావలసిన లిస్టెడ్-ఇంక్రిమెంటల్ ఆప్షన్ పక్కన ఒకే ఒక్క లైను. చాల్లే అనుకుని ఎంటర్ నొక్కా. బ్యాకప్ తీసిన తర్వాత ఆ డైరెక్టరీలో చేరిన కొత్త ఫైళ్ళన్నీ హుష్‌కాకి! డైరెక్టరీని బ్యాకప్ నాటి స్థితికి ఉన్నదున్నట్టు తేవడమే ఆ ఆప్షన్ పనట. అప్పుడు లేని ఫైళ్ళని చెరిపేస్తుంది. ఇన్ఫో మాన్యువల్లో ఈ సంగతి శుభ్రంగా రాసే ఉంది, అదీ అదే మెషీన్లో. నేను తెరవలేదంతే.

తప్పు నాదే, కాదనను. కానీ ఒకే ప్రోగ్రాముకి రెండు డాక్యుమెంట్లు ఎందుకు, అసలు ముక్క ఒకదాన్లోనే ఎందుకు అన్నది అప్పట్నుంచి బుర్ర తొలుస్తూనే ఉంది.

కథ బెల్ ల్యాబ్స్‌లో మొదలవుతుంది. కెన్ థాంప్సన్, డెనిస్ రిచీల యూనిక్స్ మాన్యువల్ మొదటి కూర్పు మీద తేదీ 1971 నవంబర్ 3. కమాండుకో పేజీ: పేరు, వాడే తీరు, వివరణ, చివర్లో బగ్స్. తమ ప్రోగ్రాముల్లో తప్పుల్ని తామే అచ్చేసుకున్నారు మహానుభావులు! (మన రిలీజ్ నోట్స్ ఒకసారి గుర్తు తెచ్చుకోండి.) అయితే ఆ పేజీలు పని తెలిసినవాడు గుర్తు చేసుకోవడానికే తప్ప కొత్తవాడు నేర్చుకోవడానికి కాదు.

ఎనభైల్లో స్టాల్‌మన్ గ్నూ కోసం వేరే దారి పట్టాడు. దాని పేరు టెక్సిన్ఫో. ఒకే మూలం నుంచి అచ్చు పుస్తకమూ వస్తుంది, తెర మీద చదువుకునే ఇన్ఫో కూడా వస్తుంది. అధ్యాయాలు, లింకులు, సూచిక అన్నీ ఉన్నాయి, వెబ్ ఇంకా పుట్టకముందే! అచ్చు కూడా సరదాకి కాదు. 1985లో పెట్టిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌కి మాన్యువళ్ళ అమ్మకం ఒక ఆదాయం. మరి మ్యాన్ పేజీలో? గ్నూ కోడింగ్ ప్రమాణాల ప్రకారం అవి రెండో రకం, ప్రతి ప్రోగ్రాముకీ ఉండాలని లేదు.

పుస్తకంగా చూస్తే టెక్సిన్ఫోదే పైచేయి, నాకందులో సందేహం లేదు. చిక్కల్లా చదివేవాడి దగ్గర. ఇన్ఫోలో తిరగాలంటే ఈమాక్స్ అలవాట్లుండాలి. వీఐతో బతికేవాడికి అదో పద్మవ్యూహం. చెయ్యి మ్యాన్ వైపే పోతుంది.

ఇక డెబియన్ వాళ్ళ నియమం పూర్తిగా ఉల్టా. ప్రతి ప్రోగ్రాముకీ మ్యాన్ పేజీ ఉండాలి, లేకపోతే అది బగ్. గ్నూ వాళ్ళు రాయకపోతే డిస్ట్రిబ్యూషన్ల వాళ్ళే కూర్చుని రాసుకున్నారు. ఎల్ఎస్ లాంటివాటికైతే హెల్ప్ టెక్స్ట్ నుంచే పేజీ తయారుచేసే హెల్ప్2మ్యాన్ వచ్చింది. "పూర్తి వివరాలు ఇన్ఫోలో" అని దాని చివర్లో ఓ లైను. ఎంతమంది అందాకా చదివారంటారు?

దీనికి తోడు లైసెన్సు గొడవ. గ్నూ వాళ్ళు 2000లో మాన్యువళ్ళకని విడిగా ఒక లైసెన్సు తెచ్చారు. అందులో ఎవరూ మార్చకూడని భాగాలు పెట్టుకోవచ్చు. ఈమాక్స్ మాన్యువల్లో గ్నూ మ్యానిఫెస్టో అలాంటిదే. 2006లో డెబియన్ ఓటింగ్ పెట్టి, మార్చకూడని భాగాలుంటే అది ఫ్రీ కాదని తేల్చింది. దాంతో ఈమాక్స్ మెయిన్‌లో, దాని మాన్యువల్ నాన్-ఫ్రీలో! అత్తగారి గొడవలో కోడలి గిన్నెలు పగిలినట్టు, మధ్యలో వాడుకునేవాడు బలి.

టార్ సంగతి చెప్పాలిగా. 2014లో 1.28 వెర్షన్‌తో వాళ్ళే అధికారికంగా మ్యాన్ పేజీ ఇచ్చారు. ఇన్నాళ్ళూ మీరు సొంతంగా రాసుకున్నవి తీసేసి ఇది వాడండి బాబూ అని డిస్ట్రిబ్యూషన్ల వాళ్ళని మర్యాదగా అడిగారు కూడా.

నేనైతే రిస్టోర్ చేసేముందు మాత్రం ఇన్ఫో టార్ తెరుస్తున్నా. బయటపడటానికి క్యూ నొక్కాలి.