బళ్లారి బడిపిల్లల పుస్తకములు

అయిదేండ్ల బిడ్డచేతికి ఏ పుస్తక మీయవలెనను ప్రశ్న నేడు ప్రతి యింటను వినబడుచున్నది. రెండువందల యేండ్ల క్రిందట అది యొక కలెక్టరును సయితము కలతపెట్టినది.

1822 లో మదరాసు గవర్నరు సర్ థామస్ మన్రో, దేశీయ విద్య యెట్లున్నదో విచారించి తెలుపవలసినదని కలెక్టరులను కోరెను. బళ్లారి కలెక్టరు ఏ. డి. కాంబెల్ 1823 ఆగస్టులో సమాధానము వ్రాసెను. నేటి అనంతపురము సీమయు ఆనాడు బళ్లారి జిల్లాలోనిదే. 1816 లో తెలుగు వ్యాకరణమును ప్రకటించినవా డీ కాంబెల్. కనుక ఆయన మాటను భాష తెలియని దొర మాటగా త్రోసివేయుటకు వీలులేదు.

ఆయన లెక్కలో బడులు 533, చదువరులు 6,641. తెలుగు బడులు 226, కన్నడ బడులు 235. బాలికలు 60 మంది మాత్రమే.

అయిదవయేట ఉపాధ్యాయుని, బడిపిల్లలను ఇంటికి పిలిచి, వినాయకుని ప్రతిమ యెదుట బిడ్డను కూర్చుండబెట్టి, బియ్యములో వ్రేలితో దేవుని నామములు వ్రాయించెడివారు. మరునాటినుండి బడి. ఉదయము ఆరు గంటలకు అందరికంటె ముందు వచ్చినవాని అరచేత సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవానికి సున్న. మూడవవానికి ఒక మెల్లని దెబ్బ, నాల్గవవానికి రెండు. ఇట్లు వరుసగా హెచ్చును. బడికి సగటున 12 మంది. కడపటివానికి పది దెబ్బలన్నమాట!

ఇసుకలో వ్రేలితో దిద్దిన పిదప ఆకుపై గంటముతోను, కడితముపై బలపముతోను వ్రాత సాగెడిది. పెద్ద పిల్లలు చిన్నవారికి నేర్పుచు తమ చదువును గట్టిపరచుకొనుచుండిరి. ఈ పద్ధతిని, దీనికగు స్వల్పవ్యయమును కాంబెల్ మనసార మెచ్చెను. ఇంగ్లండు దీనిని అనుకరించుట తగియున్నదనెను.

ఆయనకు లోపము కనబడినది ముఖ్యముగా పుస్తకములలో. రామాయణ భారత భాగవతము లన్నియు పద్యములు. వాని భాష పిల్లవాడు తల్లితో మాటలాడు భాష కాదు. లిపి యొక్కటే యగుటచే చక్కగా చదువును, వల్లించును, అర్థము మాత్ర మెరుగడు. చిలుక పలుకులని కాంబెల్ తేల్చివేసెను. ఇందు కొంత తొందరపాటు కలదని నాకు తోచుచున్నది. చిన్ననాడు చెవి కెక్కిన పద్యము పెద్దయిన పిదప అర్థమై ఆనందపెట్టుట మనలో పెక్కుమంది యెరిగినదే. కాని పెద్దయగువరకు చదువుతో సంబంధ ముండువాని మాట యది.

ఆ జిల్లాలో అట్టివారు కొలదిమంది. ఐరోపా బట్టలు వచ్చి నేతపనివారి జీవనము చెడినదనియు, పేదలు పిల్లల చేతులు పని చేయగలిగినంతనే పనిలో పెట్టుచున్నారనియు, పూర్వము బడులున్న పెక్కు గ్రామములలో నిపుడవి లేవనియు కాంబెలే వ్రాసెను. అట్టి పిల్లవానికి బడి దక్కునది ఏడాదియో, రెండేడులో. పద్యము ఎప్పుడో అర్థమగునని వేచియుండుటకు వానికి వ్యవధి యేది? మాటలాడు భాషలో ఒక చిన్న కథల పుస్తక మా రెండేండ్లలో చేతికి వచ్చియుండినయెడల, బడి విడిచిన పిదపను వా డింట కూర్చుండి దానిని చదువుకొనియుండును.