రొట్టెల అంగడి - ఊరి పేరు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం - ఈ మూడు పట్టణాలకు ఒక సామాన్య లక్షణం ఉన్నది. ఇవి ఆంధ్రదేశపు అంచున, మైసూరు పీఠభూమిని ఆనుకొని వెలసినవి. కుప్పం అయితే బెంగుళూరు - జోలార్‌పేట రైలుమార్గం మీదనే ఉన్నది. అందుచేత ఈ ప్రాంతపు బజారులలో రొట్టెలు, బన్నులు అమ్మే అంగళ్ళ మీద "బెంగుళూరు అయ్యంగార్ బేకరీ" అన్న బోర్డు కానరావడంలో వింత లేదు. అంగడి మన ఊరిది, పొయ్యి మన ఊరిది, కొనేవారు మనవారు. పేరు మాత్రం పొరుగూరిది. ఇట్లా ఎందుకు జరిగినదని విచారిస్తే, వీథి చివరి రొట్టెల అంగడి దేశదేశాలకు విస్తరించిన చరిత్ర కొంత బోధపడుతుంది.

పొయ్యిలో కాల్చిన పులిసిన రొట్టెను పశ్చిమ తీరాన పోర్చుగీసువారు, తరువాత ఇంగ్లీషువారు మన దేశంలో వ్యాపింపజేసినారు. 1809లో బెంగుళూరులో ఆంగ్లేయుల దండు ఏర్పడినది. దండులోని సోల్జర్లకు, దొరలకు రొట్టె నిత్యావసరం. మన గృహస్థులు మాత్రం దానిని చాలాకాలం శంకించినారు. గుడ్డు కలిపినారేమో, కల్లుతో పులియబెట్టినారేమో అని ఆచారవంతుల సందేహం. జ్వరపడి లంఘనం చేసినవారికి పాలలో నానవేసి పెట్టే పథ్యంగానే అది అనేక కుటుంబాలలో ప్రవేశించినది.

ఈ సందేహాన్ని తీర్చినవారు హాసన్ ప్రాంతం నుండి బెంగుళూరుకు వచ్చిన అయ్యంగార్లు. 1898లో హెచ్. ఎస్. తిరుమలాచార్ అనే ఆయన ప్రారంభించిన బి. బి. బేకరీయే ఈ కోవకు చెందిన అంగళ్ళలో మొదటిదని చెబుతారు. గుడ్డు కలపని రొట్టె, కారం బన్ను, కొబ్బరి నింపిన దిల్‌పసంద్ వీరి ప్రత్యేకతలు. ఆనాడు కులం పేరే శుచికి పూచీకత్తుగా పనిచేసినది. ఆ పూచీలో నాటి సమాజపు హెచ్చుతగ్గులు దాగి ఉన్నవన్న సంగతి కూడా మరువరానిది.

ఈ అంగళ్ళు వ్యాపించిన విధానం గమనింపదగినది. బన్నులో తడి ఎక్కువ. రెండు మూడు దినాలలో అది గట్టిపడుతుంది, లేదా బూజు పడుతుంది. కనుక పూర్వం బన్ను దూరప్రయాణం చేయలేదు. బన్ను చేసే మనిషి ప్రయాణం చేసినాడు. బంధువుల అంగడిలో కుర్రవాడుగా చేరి, పిండి పిసకడం, పొయ్యి వేడిని కనిపెట్టడం నేర్చి, మరొక ఊరిలో సొంత పొయ్యి వేసుకున్నాడు. యజమానులు వేరు, పద్దులు వేరు. పేరు మాత్రం ఉమ్మడి ఆస్తి. క్రమంగా ఆ పేరు ఒక వంశానికి గాక ఒక పద్ధతికే గుర్తుగా నిలిచినది.

బిస్కట్టు సంగతి వేరు. తడి ఇంచుమించు లేకుండా కాల్చి, గాలి చొరని డబ్బాలో ఉంచితే అది నెలల తరబడి చెడదు. మనిషి కదలకపోయినా బిస్కట్టు సముద్రాలు దాటగలదు. ఇందుకు నిదర్శనం హైదరాబాదులోని కరాచీ బేకరీ.

1947లో దేశవిభజన జరిగినప్పుడు పంజాబు, వంగ రాష్ట్రాలు రెండుగా చీలినవి. సింధు రాష్ట్రం చీలలేదు. మొత్తంగా పాకిస్తానుకు పోయినది. అక్కడి హిందువులు కట్టుబట్టలతో భారతదేశానికి వచ్చినప్పుడు, తమదని చెప్పుకోవడానికి వారికి ఇక్కడ ఒక రాష్ట్రమైనా లేదు. అట్లా వచ్చిన ఖాన్‌చంద్ రమ్నానీ 1953లో హైదరాబాదులోని మొజంజాహీ మార్కెట్టు వద్ద ఒక బేకరీ తెరిచినారు. కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం ఏర్పడి, మన మదనపల్లె, కుప్పం అందులో చేరిన సంవత్సరం కూడా అదే. అప్పటికి హైదరాబాదు వేరొక రాష్ట్రం. కొత్త ఊరిలో పెట్టిన అంగడికి ఆయన తాను కోల్పోయిన నగరం పేరు పెట్టుకున్నారు.

రంగురంగుల పండ్ల ముక్కలు కలిపిన ఫ్రూట్ బిస్కట్టు ఆ అంగడికి కీర్తి తెచ్చినది. ఏడవ నిజాం ఉస్మాన్ అలీఖాన్ పేరు మీద నగరంలో వాడుకలో ఉన్న ఉస్మానియా బిస్కట్టు కూడా అక్కడ తయారైనది. హైదరాబాదు నుండి ఊరికి వెళ్ళేవారు బంధువులకు ఒక డబ్బా పట్టుకొని వెళ్ళడం ఆనవాయితీ అయినది. తరువాతి తరాలవారు ఇతర నగరాలలో శాఖలు తెరిచి, విదేశాలకు సరుకు ఎగుమతి చేసినారు.

బన్నుకు మనిషి కదలవలెను. బిస్కట్టుకు డబ్బా కదిలితే చాలును. వేడివేడిగా వడ్డించే భోజనానికి వంటశాలయే కదలవలెను. హైదరాబాదు పాతబస్తీలో, శాలిబండలో, 1997లో మొహమ్మద్ అబ్దుల్ మజీద్ స్థాపించిన పిస్తా హౌస్ ఈ మూడవ మార్గం తొక్కినది. గోధుమలు, మాంసం గంటల తరబడి ఉడికించి, మెత్తగా దంచి చేసే హలీముకు అది ప్రసిద్ధమైనది. 2010లో హైదరాబాదు హలీముకు భౌగోళిక గుర్తింపు లభించినది. అనగా ఆ వంటకానికీ ఈ నగరానికీ గల సంబంధం చట్టసమ్మతమైనది. నేడు పిస్తా హౌస్ పేరుతో అమెరికాలో కూడా భోజనశాలలు నడుస్తున్నవి.

దారులు మూడైనా వీటన్నిటిలోనూ చెక్కుచెదరకుండా సాగివచ్చినది పేరు ఒక్కటే. పొయ్యి మారినది, పనివారు మారినారు, తరాలు మారినవి. కొనేవాడు పేరును చూసి నమ్మి డబ్బు చెల్లిస్తాడు. అందుచేతనే ఆపద కూడా పేరుకే వస్తుంది. 2019 ఫిబ్రవరిలో పుల్వామా దాడి జరిగిన తరువాత బెంగుళూరులోని కరాచీ బేకరీ శాఖ వద్ద కొందరు గుమిగూడి పేరు తొలగించమన్నారు. బోర్డు మీది "కరాచీ" అన్న మాటను కప్పివేయవలసి వచ్చినది. 2025 మే నెలలో, రెండు దేశాల నడుమ ఘర్షణ చెలరేగిన దినాలలో, విశాఖపట్నంలో నిరసనలు జరిగినవి. శంషాబాదు శాఖ బోర్డును ధ్వంసం చేయబోయినారు. దేశవిభజన వలన నష్టపోయి వచ్చిన కుటుంబం, తాము భారతీయులమని డెబ్బది ఏండ్ల తరువాత చెప్పుకోవలసి వచ్చినది. చరిత్ర తెలియకపోతే గాయపు మచ్చ కూడా శత్రువు జెండావలె కనిపిస్తుంది.

పోనీ, పేరు మార్చుకుంటే నష్టమేమి అని కొందరు అడుగవచ్చును. తెలుగువారికి ఈ ప్రశ్నకు సమాధానం వెదకనక్కరలేదు. మన ఇంటిపేర్లలో అనేకం ఊళ్ళ పేర్లే. ఏ కరవునో, ఏ యుద్ధమో తరిమితే తాతముత్తాతలు విడిచివచ్చిన ఊరిని, మనం ఎన్నడూ చూడని ఊరిని, మన పేరుకు ముందు మోస్తూనే ఉన్నాము. ఆ ఊరు ఇప్పుడు ఏ జిల్లాలో ఉన్నది, ఏ రాష్ట్రంలో ఉన్నది అని ఎవ్వరూ మనలను నిలదీయరు. ఇంటిపేరుకు మనం ఇస్తున్న ఈ మన్నన, బ్రతుకు కోసం ఊరు విడిచి, మన వీథిలో పొయ్యి వెలిగించినవాని బోర్డుకు కూడా చెల్లవలెను.