అమ్మకు పాఠం చెప్పిన అమ్మాయి

పంతులమ్మకు ఇంకా పన్నెండేళ్ళు నిండలేదు. ఎదురుగా కూర్చుని హిందీ అక్షరాలు దిద్దుతున్నవాళ్ళలో ఆమె కన్నతల్లి కృష్ణవేణమ్మ కూడా ఉంది.

ఊరు కాకినాడ, కాలం 1921కి అటూ ఇటూ. భోజనాలు ముగించి, వంటిల్లు సర్దుకుని, తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చిన ఇల్లాళ్ళు. వాళ్ళలో కోడళ్ళూ అత్తలూ కూడా ఉన్నారనుకోవాలి. ముప్పై అయిదేళ్ళకే మనవల్ని ఎత్తుకునే రోజులు గనక అమ్మమ్మలూ నాయనమ్మలూ లేకుండా ఉండరు. ముందు నిలబడ్డ పిల్ల వాళ్ళలో ఎంతోమందికి కూతురి ఈడుది. పేరు దుర్గ.

"కుర్చీ ఆడదేమిటే దుర్గా? ఏమైనా చీర కట్టుకుందా?" అని వెనక వరసలోంచి ఎవరో అని ఉంటారు. అందరూ గొల్లున నవ్వి ఉంటారు. "నవ్వడం తర్వాత, ముందు రాయండి పిన్నీ" అని దుర్గ గదమాయించి ఉంటుంది. ఈ మాటలు నేను ఊహించి రాస్తున్నవే. అయితే కుర్చీలాంటి వస్తువులకూ హిందీలో ఆడ, మగ తేడా ఉంటుంది. హిందీ మొదలెట్టిన తెలుగువాళ్ళకు మొదటి వారంలోనే అడ్డుపడే గోడ అది. ఆ గోడ దాటించే పని ఓ చిన్నపిల్ల నెత్తిన వేసుకుంది. ఆ బడి పేరు బాలికా హిందీ పాఠశాల. పేరులో బాలికలున్నా, చాపల మీద ఎక్కువగా కనిపించింది మాత్రం ఆ వయసు ఎప్పుడో దాటిపోయినవాళ్ళే.

దుర్గాబాయి 1909 జులై 15న రాజమండ్రిలో పుట్టింది. అప్పటికి తూర్పు, పశ్చిమ అన్న పేర్లు లేవు, ఉన్నది గోదావరి జిల్లా. ఎనిమిదో ఏట పెళ్ళి చేశారు. పెళ్ళికొడుకు సుబ్బారావు ఓ జమీందారీ కుటుంబంవాడు. తండ్రి రామారావు ఆ ఒక్క విషయంలో లోకం నడిచిన దారినే నడిచాడు గానీ, మిగతా విషయాల్లో ఆయన తీరు వేరు. ఊళ్ళో కలరా, ప్లేగు వస్తే తలుపులు బిగించుకోకుండా వీధిలోకి వెళ్ళి సాయం చేసేవాడు. పిల్లల్ని గుడికే కాదు, మసీదుకూ చర్చికీ కూడా తీసుకెళ్ళేవాడు. భయం పోవాలని శ్మశానమూ చూపించాడు. ఆ పెంపకంలో పెరిగిన పిల్ల, ఇంగ్లీషులోనే చదవాలంటే నాకక్కర్లేదని పన్నెండేళ్ళలోపే బడి మానేసింది.

గోదావరి తీరానికి స్త్రీ విద్య కొత్తేమీ కాదు. కందుకూరి వీరేశలింగం ధవళేశ్వరంలో ఆడపిల్లలకు బడి పెట్టింది 1874లో, అంటే అప్పటికి అర్ధశతాబ్దం కావస్తోంది. కానీ ఆ బళ్ళు చిన్నపిల్లలవి. ఎనిమిదేళ్ళకు పెళ్ళయి, పద్నాలుగేళ్ళకు కాపురానికెళ్ళి, పాతికేళ్ళకు నలుగురు పిల్లల తల్లయిన మనిషికి చదువుకోవాలనిపిస్తే ఎక్కడికి వెళ్ళాలి? ఆ మనిషి కోసం బడి కట్టినవాళ్ళు అరుదు. సంస్కర్తల్లో చాలామంది కూడా ఆమెను 'ఇక అయిపోయిన' లెక్కలోనే వేశారు. దుర్గ పట్టుకున్నది సరిగ్గా ఆ మనిషినే. ఆ పిల్లకు ఇదంతా తెలిసి చేసిందని నేను అనను. వచ్చినవాళ్ళకు చెప్పింది, అంతే. వచ్చింది మాత్రం వాళ్ళే.

హిందీయే ఎందుకంటే, అది గాంధీ రోజుల గాలి. 1918లో మద్రాసులో దక్షిణాది హిందీ ప్రచారం మొదలైనప్పుడు తొలి గురువుగా వచ్చింది ఆయన కొడుకు దేవదాసే. ఆ గాలి కాకినాడ దాకా వీచింది. దుర్గ హిందీ నేర్చుకుంది, నేర్చుకున్నది దాచుకోకుండా పంచింది. తల్లి తన దగ్గరే హిందీ నేర్చుకుని, తర్వాత అదే బడిలో పాఠాలు చెప్పింది. కస్తూర్బా, సి.ఎఫ్. ఆండ్రూస్ లాంటివాళ్ళు ఆ బడి చూసి, ఇంత చిన్నపిల్లా దీన్ని నడుపుతున్నదని ఆశ్చర్యపోయారు.

1921 ఏప్రిల్లో గాంధీ కాకినాడ వస్తున్నారు. టౌన్‌హాల్లో సభ. దుర్గకు ఓ ఆలోచన వచ్చింది. ఊళ్ళోని దేవదాసీలు, పరదా దాటని ముస్లిం స్త్రీలు ఆయన మాట వినాలి. ఆ సభకు వాళ్ళను రానిచ్చేదెవరు, వచ్చినా కూర్చోనిచ్చేదెవరు? ఇక్కడ కాకినాడ సంగతి కాస్త చెప్పాలి. పిఠాపురం రాజా కళాశాల ప్రిన్సిపాలుగా రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు ఏళ్ళ తరబడి భోగంమేళాలకు వ్యతిరేకంగా పోరాడిన ఊరది. మర్యాదస్తుల ఇళ్ళలో ఆ స్త్రీల మాటెత్తడమే తప్పు. సంస్కరణ అంటే వాళ్ళను దూరంగా పెట్టడమని పెద్దలు అనుకుంటున్నచోట, ఓ బ్రాహ్మణ పిల్ల నేరుగా వాళ్ళ గుమ్మాల్లోకి వెళ్ళి కూర్చుంది.

నిర్వాహకులను గాంధీగారి సమయం అడిగింది. అయిదువేల రూపాయల నిధి పోగుచేసి తెస్తే కొద్ది నిమిషాలు ఇప్పిస్తామన్నారు. పిల్లను వదిలించుకోవడానికే ఆ మాట అన్నట్టుంది. 1921లో అయిదువేలంటే ఆస్తి. "అంత డబ్బు మేమెక్కడ తెస్తామమ్మా" అన్నవాళ్ళు ఉండే ఉంటారు. కానీ ఆ డబ్బు వచ్చింది. ఇచ్చింది దేవదాసీలే. స్థలం కోసం తిరిగితే, టౌన్‌హాలుకు వెళ్ళే దారిలోని ఓ బడి ఆవరణ దొరికింది.

ఆ రోజు దృశ్యాన్ని దుర్గాబాయి తర్వాత తన ఆత్మకథలో చెప్పుకున్నారు. ఆవరణ నిండా ఆడవాళ్ళు, వెయ్యిమందికి పైగా. గాంధీ కారు దిగారు. కొద్ది నిమిషాలే అన్నది అరగంటా దాటిపోయింది. బాల్యవివాహాల గురించీ దేవదాసీ ఆచారం గురించీ ఆయన హిందూస్థానీలో చెబుతుంటే, పక్కన నిలబడి దుర్గ తెలుగు చేసింది. ఆడవాళ్ళు చేతుల గాజులు, మెడల్లో గొలుసులు తీసి ఇచ్చేశారు. ఇచ్చిందంతా కలిపి చూస్తే పాతికవేల రూపాయల దాకా తేలింది. అడిగింది అయిదువేలు!

అక్కణ్ణించి గాంధీ ఆ పిల్లను తన కారులోనే ఎక్కించుకుని టౌన్‌హాలుకు తీసుకెళ్ళారు. అక్కడ అనువాదానికి దేశభక్త కొండా వెంకటప్పయ్య సిద్ధంగా ఉన్నారు. నిండు సభలో ఆయనను ఆపి, దుర్గ చెబుతుందన్నారు గాంధీ. వెంకటప్పయ్యగారు ఎంత పెద్దమనిషో తెలిసిన గోదావరివాళ్ళకు ఆ క్షణం ఎంత ఇబ్బందిగా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. పిల్ల మాత్రం తడబడలేదు. రోజూ తల్లి వయసువాళ్ళకు హిందీ విడమరిచి చెప్పే మనిషికి సభ ఏం కొత్త? ఆ రోజు తర్వాత దుర్గ నగలు పెట్టుకోవడం మానేసింది, ఖద్దరు కట్టింది.

రెండేళ్ళకు, 1923 డిసెంబరులో, అదే కాకినాడలో కాంగ్రెస్ మహాసభ జరిగింది. అధ్యక్షుడు మౌలానా మహమ్మదాలీ. ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర దుర్గ కాపలా. టిక్కెట్టు రెండణాలు. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు, చేతిలో టిక్కెట్టు లేదు. టిక్కెట్టు లేనిదే లోపలికి పంపనంది. నిర్వాహకులు పరుగున వచ్చి చివాట్లు పెట్టారు. మీరు చెప్పిందే చేశానంది. చివరకు వాళ్ళే టిక్కెట్టు కొనిచ్చారు, అప్పుడు వదిలింది. నెహ్రూ మెచ్చుకున్నారు. తెలుగు పాఠకులకు దుర్గాబాయి గురించి ఒక్క కథ తెలిస్తే అది ఇదే. ముచ్చటైన కథే, కాదనను. కానీ గుమ్మంలో ఒకణ్ణి ఆపడం కంటే, ఏ గుమ్మంలోకీ రానివ్వని వెయ్యిమందిని ఓ బడి ఆవరణలో కూర్చోబెట్టడం నాకు పెద్ద పని అనిపిస్తుంది.

పదిహేనేళ్ళు వచ్చాక చిన్ననాటి పెళ్ళిని తను మోయలేనని సుబ్బారావుకు చెప్పేసింది. గొడవ లేకుండా విడిపోయారు. ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. ఆయన పోయాక ఆ రెండో ఇల్లాలు దుర్గాబాయి నీడకే వచ్చి, చేతిపని నేర్చుకుని తన కాళ్ళ మీద నిలబడింది.

1930లో మద్రాసులో ఉప్పు సత్యాగ్రహం. మూడేళ్ళలో మూడుసార్లు జైలు. మదురై జైల్లో ఏకాంత ఖైదు. చుట్టుపక్కల గదుల్లో హత్యానేరాల మీద వచ్చిన ఆడవాళ్ళు. వాళ్ళకు చట్టమేమిటో తెలియదు, తమ కేసులో ఏం జరిగిందో తెలియదు. లాయరు కావాలన్న పట్టుదల అక్కడ మొదలైందని ఆమె చెప్పుకున్నారు. అయితే లాయరు కావాలంటే ముందు మెట్రిక్ కావాలి. పన్నెండేళ్ళకు ముందే బడి వదిలిన మనిషికి ఇప్పుడు ఇరవై దాటాయి. ఒకప్పుడు కాకినాడలో ఎవరికి పాఠం చెప్పిందో, వాళ్ళ స్థితిలోకే తను వచ్చింది. కూర్చుని చదివి, బనారస్ విశ్వవిద్యాలయం మెట్రిక్ ప్రైవేటుగా పాసయింది. తర్వాత ఇంటర్మీడియట్.

బి.ఏ. ఆనర్స్‌కు వాల్తేరు వెళ్తే ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి, ఆడపిల్లలకు హాస్టల్ లేదు, కుదరదన్నారు. దుర్గాబాయి తిరిగి వెళ్ళిపోలేదు. ఇక్కడ చదవాలనుకుంటూ, ఉండే చోటు లేక ఆగిపోయిన ఆడపిల్లలు రాయండి అని పత్రికలో ప్రకటన వేయించింది. పదిమంది దాకా తేలారు. అంతా కలిసి ఓ ఇల్లు తీసుకుని తామే హాస్టల్ పెట్టుకుని, ఇప్పుడు చేర్చుకోండి అన్నారు. కట్టమంచివారికి చమత్కారం నచ్చకపోవడం ఎన్నడూ లేదు, చేర్చుకున్నారు. తర్వాత మద్రాసులో లా చదివి, 1942లో నల్లకోటు వేసుకుంది.

ఈలోగా మైలాపూర్‌లో ఇంకో బడి మొదలైంది. మొదట చుట్టుపక్కల పిల్లలకు, ఆ పిల్లల వెనకే వచ్చిన తల్లులకు. 1937లో అది ఆంధ్ర మహిళా సభ అయింది. అక్కడ ఆమె చేసిన పనికి ఇప్పటి మాట కోచింగ్. బనారస్ మెట్రిక్‌కు ఆడవాళ్ళను తయారుచేయడం. తను ఒంటరిగా ఎక్కిన మెట్లను వాళ్ళ చేత ఎక్కించడం. ఇప్పుడు కోచింగ్ అనగానే విజయవాడ ఫ్లెక్సీలూ ర్యాంకుల ఫొటోలూ గుర్తొస్తాయి. అక్కడికి వచ్చినవాళ్ళు ర్యాంకుల కోసం రాలేదు. వితంతువులూ భర్తలు వదిలేసినవాళ్ళూ ఓ ఉద్యోగం కోసం వచ్చారు. పదేళ్ళు పట్టే చదువును రెండేళ్ళలో చెప్పాలంటే దేన్ని వదలాలో, దేన్ని వదలకూడదో తెలియాలి. ఆ లెక్క తను చదివి తెలుసుకున్నది.

తర్వాత రాజ్యాంగ సభ సభ్యురాలిగా ఆమె ప్రతిపాదించిన సవరణల్లో ఒకటి నాకు ప్రత్యేకంగా ఇష్టం. పెద్దల సభ సభ్యుడికి కనీసం 35 ఏళ్ళుండాలని ముసాయిదా అంది. 30 చాలన్నారామె. తెలివితేటలు వయసును బట్టి రావని వాదించారు. సభ ఒప్పుకుంది. 1949 సెప్టెంబరులో భాషా చర్చ వచ్చినప్పుడు మాత్రం ఆమె గొంతులో నొప్పి వినిపిస్తుంది. దక్షిణాదిలో ఇష్టంగా, ఉత్సాహంగా నేర్చుకున్న భాషను ఇప్పుడు ఉత్తరాదివాళ్ళు పట్టుబట్టి నెత్తిన రుద్దే తీరు తనను కలవరపెట్టిందన్నారు. ఆమె కోరింది హిందీ, ఉర్దూ కలగలిసిన హిందూస్థానీని. మీరూ ఓ దక్షిణాది భాష నేర్చుకోండని అడిగారు. కాకినాడ చాపల మీద ఎవరూ బలవంతం చేయకుండానే అక్షరాలు దిద్దిన అత్తాకోడళ్ళను చూసిన మనిషి అడగదగిన మాటే.

1953లో అప్పటి కేంద్ర ఆర్థిక మంత్రి సి.డి. దేశ్‌ముఖ్‌ను పెళ్ళి చేసుకున్నారు. అదే ఏడాది ఏర్పడ్డ కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. అక్కడ ఓ చిక్కు ఎదురైంది. పల్లెల్లో గ్రామసేవికలు, నర్సులు, బాలవాడీ టీచర్లు కావాలి. ఉద్యోగాలు ఖాళీగా ఉన్నాయి, కానీ వాటికి కావలసిన చదువున్న ఆడవాళ్ళు పల్లెల్లో లేరు. పట్నం పిల్లలు పల్లెకు వెళ్ళరు. ఇంకొకరైతే కమిటీ వేసి పదేళ్ళాగేవారు. దుర్గాబాయికి జవాబు ఎదురుగానే ఉంది, మైలాపూర్‌లో నడిచింది అదే. 1958లో బోర్డు వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యా కోర్సులు మొదలెట్టింది. చిన్నప్పుడు బడి తప్పిపోయిన ఆడవాళ్ళను చేర్చుకుని, రెండేళ్ళలో పరీక్షకు కూర్చోబెట్టే పథకం. మహిళా సభలో చేసిన పని దేశమంతటికీ విస్తరించింది. ఆ ఏడాదే స్త్రీ విద్య మీద వేసిన జాతీయ కమిటీకీ ఆమే అధ్యక్షురాలు, 1959లో నివేదిక ఇచ్చారు.

1975లో పద్మవిభూషణ్. 1981 మే 9న కన్నుమూశారు. ఆమెకు పిల్లల్లేరు, అమ్మమ్మ అని పిలిచేందుకు మనవలూ లేరు. అయినా గోదావరి జిల్లాల్లో పాత ఇళ్ళకు వెళ్ళి పెట్టెలు తీయిస్తే, పసుపు రంగు తిరిగిన హిందీ పరీక్షల సర్టిఫికెట్లు ఇప్పటికీ బయటపడుతుంటాయి. ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష, ఇంకాస్త పట్టుదల ఉన్న ఇంట్లో విశారద. "నాయనమ్మ పెళ్ళయ్యాక పాసయిందండీ" అంటారు మనవలు. ఏ మాస్టారి దగ్గర చదివిందో మాత్రం వాళ్ళు చెప్పలేరు.