సంతృప్తిగా ఉంటే ఒకటి నొక్కండి: ప్రభుత్వ సర్వేలను జనం ఎప్పుడు నమ్ముతారు?

పింఛను ఇంటికే తెచ్చి ఇచ్చారా? సిబ్బంది మర్యాదగా మాట్లాడారా? ఎవరైనా డబ్బులు అడిగారా? ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ పథకాలు అందుకునేవారికి ఇలాంటి ప్రశ్నలతో ఐవీఆర్‌ఎస్ కాల్స్ వస్తున్నాయి. రికార్డు చేసిన గొంతు అడుగుతుంది, మనం అంకె నొక్కుతాం, అంతే. కానీ ‘డబ్బులు అడిగారు’ అని చెప్పే అంకె నొక్కాలంటే ఎవరికైనా చేయి ఆగుతుంది. ఫోన్ నంబరు తనదే, పింఛనూ తనదే. రేపు ఆ డబ్బు ఇవ్వడానికి వచ్చేదీ అదే ఉద్యోగి.

జనం అభిప్రాయం అడిగితే ప్రభుత్వంపై నమ్మకం పెరుగుతుందని అధికారులు తరచూ చెబుతుంటారు. అందులో నిజం లేకపోలేదు. ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) 2023లో 30 దేశాల్లో దాదాపు 60 వేల మందిని ఈ విషయంపైనే ప్రశ్నించింది. భారత్ ఆ జాబితాలో లేదు. ప్రభుత్వ నిర్ణయాల్లో తమ మాటకు చోటుందని భావించేవారిలో 69 శాతం మంది తమ జాతీయ ప్రభుత్వాన్ని నమ్ముతున్నామన్నారు. చోటు లేదని భావించేవారిలో ఆ మాట అన్నది 22 శాతమే. అయితే మాటకు చోటు ఉండటం వేరు, మాట అడిగి వదిలేయడం వేరు. ఆ తేడా అర్థం కావాలంటే పక్క రాష్ట్రంలో ముప్పై ఏళ్ల కిందట జరిగిన ఒక ప్రయత్నం చూడాలి.

బెంగళూరు ప్రోగ్రెస్ రిపోర్టు

దేశంలోకి ఇంకా సెల్‌ఫోన్లు రాని రోజులవి. ఐఐఎం అహ్మదాబాద్ డైరెక్టరుగా, ప్రపంచ బ్యాంకు సలహాదారుగా పనిచేసిన ఆర్థికవేత్త శామ్యూల్ పాల్ బెంగళూరులో స్థిరపడ్డారు. నగరంలో నీళ్లు, కరెంటు, టెలిఫోను, ఆసుపత్రులు, కార్పొరేషన్ సేవలపై 1993లో కొందరితో కలిసి ఇంటింటి సర్వే చేయించారు. మధ్యతరగతి కాలనీలతో పాటు మురికివాడల్లోనూ అడిగారు. ఫలితాలను 1994లో ‘రిపోర్ట్ కార్డ్’ పేరుతో బయటపెట్టారు. బడిలో పిల్లలకు మార్కులిచ్చినట్టు శాఖలకు జనం మార్కులిచ్చారన్నమాట.

ఇందులో మెచ్చుకోవాల్సింది ప్రశ్నల తీరు. ‘పాలన ఎలా ఉంది’ అని అడగలేదు. అలా అడిగితే పార్టీ అభిమానమే సమాధానంగా వస్తుంది. ఆఫీసుకు ఎన్నిసార్లు తిరిగారు, పని అయిందా, సిబ్బంది ఎలా ప్రవర్తించారు, లంచం ఇచ్చారా, ఇస్తే ఎంత అని అడిగారు. బెంగళూరు డెవలప్‌మెంట్ అథారిటీ (బీడీఏ) సేవలతో సంతృప్తి చెందామన్నది 1 శాతం మందే.

ఆ అంకెలను పత్రికలు వారాల తరబడి శాఖలవారీగా ప్రచురించాయి. శాఖలకు అది మింగుడుపడలేదు. చాలా ఆఫీసులు పట్టించుకోనూ లేదు. అందరికంటే తక్కువ మార్కులు వచ్చిన బీడీఏ మాత్రం, ఏం చేయాలో చెప్పమని సర్వే చేసినవారినే సంప్రదించింది. పబ్లిక్ అఫైర్స్ సెంటర్ అనే సంస్థగా ఏర్పడిన ఆ బృందం 1999లో మళ్లీ సర్వే చేసింది. సంతృప్తి కొంత పెరిగింది. లంచాలు కూడా పెరిగాయని తేలింది. ఆ మాటనూ దాచకుండా బయటపెట్టారు.

అసలు కదలిక ఆ తర్వాతే. 1999 చివర్లో ముఖ్యమంత్రి ఎస్.ఎం.కృష్ణ, నందన్ నీలేకని అధ్యక్షతన బెంగళూరు అజెండా టాస్క్‌ఫోర్స్ వేశారు. శాఖాధిపతులు బహిరంగ సభల్లో జనం ముందు నిలబడి, ఏం చేస్తామన్నారో, ఎంత చేశారో చెప్పాల్సి వచ్చింది. 2003లో మూడో సర్వే జరిగేసరికి చాలా శాఖలపై సంతృప్తి స్పష్టంగా పెరిగింది. ఘనతంతా సర్వేదే అనలేం. ఆస్తి పన్నును యజమానే లెక్కగట్టుకునే పద్ధతి లాంటి సంస్కరణలూ అదే సమయంలో వచ్చాయి. పైగా ఆ టాస్క్‌ఫోర్స్ ముఖ్యమంత్రి అండతో నడిచిందే. 2004లో ప్రభుత్వం మారింది, దాని పనీ ఆగిపోయింది.

ఫోన్ కాల్‌లో లేనిదేమిటి?

బెంగళూరులో అడిగినవారు శాఖకు బయటివారు. చెడ్డ ఫలితమూ అచ్చయింది. కొన్నేళ్లకు మళ్లీ అడిగారు కాబట్టి మార్పు కనిపించింది. ప్రభుత్వమే కాల్ చేసి, ప్రభుత్వమే లెక్కగట్టి, సమీక్షా సమావేశంలో ‘ఇంత శాతం సంతృప్తి’ అని ప్రకటిస్తే ఈ మూడింటిలో ఎన్ని ఉన్నట్టు? ఐవీఆర్‌ఎస్ వల్ల ప్రయోజనం లేదని కాదు. ఏ మండలంలో పింఛన్ల పంపిణీ సరిగా లేదో కలెక్టరుకు త్వరగా తెలుస్తుంది. అది పర్యవేక్షణకు పనికొచ్చే పద్ధతి. నమ్మకం కలగాలంటే ఆ అంకె జనానికీ తెలియాలి.

మార్కుల కోసం అడిగించుకునే సర్వేలు మరో రకం. స్వచ్ఛ సర్వేక్షణ్‌లో పౌరుల అభిప్రాయానికీ మార్కులున్నాయి. దాంతో గడువు దగ్గరపడగానే మున్సిపల్ సిబ్బందే ఇంటింటికీ వచ్చి ‘ఫీడ్‌బ్యాక్ ఇవ్వండి’ అని అడగడం చాలా ఊళ్లలో చూస్తున్నదే. చెత్త బండి నడిపే శాఖ మనిషే ఎదురుగా నిలబడి ఉంటే బండి రావట్లేదని ఎంతమంది చెబుతారు?

నిజానికి మంచి నమూనా కోసం బెంగళూరు దాకా వెళ్లక్కర్లేదు. ఉపాధి హామీ పనులపై ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006 నుంచే సామాజిక తనిఖీ మొదలుపెట్టింది. తనిఖీ బృందం మస్టర్లు పట్టుకుని ఇంటింటికీ వెళ్తుంది. ‘ఇన్ని రోజులు పనిచేసినట్టు రాశారు, నిజమేనా? డబ్బులు ముట్టాయా?’ అని అడుగుతుంది. తేలిన తేడాలను మండల ప్రజావేదికలో అందరి ముందూ చదువుతారు. ఈ బాధ్యతను 2009లో పథకం అమలు చేసే యంత్రాంగం నుంచి వేరుచేసి ప్రత్యేక సొసైటీకి అప్పగించారు. వసూళ్లు, చర్యలు నత్తనడకన సాగుతాయన్న విమర్శ ఉంది. అయినా తన పేరు మీద ఏం రాశారో కూలీకి తెలిసేది అక్కడే.

మీకు కాల్ వస్తే

అభిప్రాయం చెప్పడానికి ఓటీపీ, బ్యాంకు ఖాతా, ఏటీఎం పిన్ అవసరం లేదు. అవి అడిగితే అది సర్వే కాదు, మోసం. వెంటనే పెట్టేయండి. డబ్బు పోతే 1930కు ఫోన్ చేయాలి.

అంకె నొక్కినంత మాత్రాన ఫిర్యాదు నమోదైనట్టు అనుకోవద్దు. సమస్య పరిష్కారం కావాలంటే ఆంధ్రప్రదేశ్‌లో సోమవారం జరిగే పీజీఆర్‌ఎస్‌లో, తెలంగాణలో ప్రజావాణిలో విడిగా అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవాలి.

మీ మండలంలో సర్వే ఫలితం ఎంత వచ్చిందో, దాని మీద ఏం చర్య తీసుకున్నారో సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. దరఖాస్తుకు గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. పేదరిక రేఖకు దిగువన ఉన్నవారికి ఎక్కడైనా ఉచితమే. మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే ముందు అదే శాఖలోని అప్పీలు అధికారికి, ఆ తర్వాత రాష్ట్ర సమాచార కమిషన్‌కు వెళ్లొచ్చు.